ఖాళీ చోటు మీద గీత

ఉదయం తొమ్మిదీ పదికి కెమిస్టు తన ల్యాబులో శవమై కనిపించాడు. డాక్టరు గుండెపోటని రాశాడు.

పదకొండింటికి నిఘా సంస్థ చీఫ్, లాయరమ్మను పిలిపించాడు. కెమిస్టు పనిచేసిన కంపెనీలో ఆమె పేటెంట్లు, కంప్లయన్స్ చూసే అటార్నీ. పంతొమ్మిదేళ్లుగా నిజంగానే ఆ పని చేస్తోంది. సీక్రెట్ ఏజెంటని అక్కడ ఎవరికీ తెలీదు.

"సాయంత్రం నాలుగింటికి లైసెన్సు ఒప్పందం. నువ్వు సంతకం పెడితే సెన్సర్ డిజైను విమానమెక్కేస్తుంది."

ఆ సెన్సర్ భూగర్భ రైలు స్టేషన్లలో విషవాయువును పసిగడుతుంది. డిజైను దొరికినవాడు దాని కళ్లు కప్పగలడు.

"కొనేది విదేశీ ముఠా అన్నారుగా సార్? కెమిస్టు కూడా ఇవ్వనన్నాడు."

"మనసు మార్చుకున్నాడట. రాసిచ్చిన కాగితం నెమలి తెస్తోంది."

నెమలి అన్నది కోడ్‌పేరు. ముఠా ముసుగుగా వాడే అవతలి కంపెనీకి ఆమె లాయరు. రెండేళ్లుగా చీఫ్‌కు రహస్యాలు మోస్తున్న డబుల్ ఏజెంటు.

"రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి సార్."

"అందుకే నిన్ను పంపుతున్నా. ఈ పెన్ను మూత తిప్పితే పక్కగదిలో మనవాళ్లకి సిగ్నల్. రుజువు లేకుండా తిప్పావో, ఇద్దరి ఉద్యోగాలూ గోవిందా."

మూడూ నలభైకి నెమలి పట్టు స్కార్ఫు సర్దుకుంటూ మీటింగు గదిలోకి వచ్చింది.

"బయట ఎండ తగ్గిందా?" అంది లాయరమ్మ.

"గొడుగు తెచ్చుకున్నా." కోడ్ సరిపోయింది. "పాపం పెద్దాయన! నిన్న సాయంత్రమే నోట్‌బుక్ నా చేతికిచ్చాడు. ఆఖరి పేజీ చూడక్కా."

చేతిరాత చూస్తే కెమిస్టుదే. తేదీ, సంతకం ఉన్నాయి. కింద సగం పేజీ ఖాళీ.

ల్యాబ్ నోట్‌బుక్‌లో ఖాళీ వదలకూడదు. తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా స్కేలుతో అడ్డగీత కొట్టి సంతకం పెట్టాలి. పదకొండేళ్ల కిందట కెమిస్టుకు ఆ అలవాటు చేయించింది లాయరమ్మే.

"ఖాళీ కాగితానికీ తాళం వేస్తావేంటమ్మా?" అని నవ్వేవాడు.

"దొంగ దూరేది అక్కడే బాబాయ్," అనేది.

ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. ప్రతి ఖాళీ మీదా గీత ఉంది. ఆఖరి పేజీలో మాత్రం లేదు.

మూడూ యాభై ఎనిమిది.

"ఏంటక్కా ఆలోచన? విమానం మనకోసం ఆగదు."

"నా చాదస్తంలే. స్కేలుందా?"

"సంతకానికి స్కేలెందుకు?"

"బాబాయి అడిగేవాడు కాదు."

నెమలి నవ్వు ఆగింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. లాయరమ్మ పెన్ను మూత తిప్పింది. పక్క తలుపు తెరుచుకుంది. ఇద్దరు మనుషులు ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగారు. అందులో సిరంజి ఉంది. గోడ గడియారంలో నాలుగు కావడానికి ఇంకా కొన్ని సెకన్లున్నాయి.

"అక్కా, ఆయన చేతిరాత అయినా సరిగ్గా దించానా?" అంది నెమలి, చేతులు వెనక్కి కడుతుంటే.

లాయరమ్మ నోట్‌బుక్ మూసింది.

నాలుగూ ఇరవైకి, శవం మీద సూదిగుర్తు దొరికాక, డాక్టరు గుండెపోటు అన్న మాట కొట్టేశాడు.

నాలుగున్నరకు లాయరమ్మ ఒప్పందం ఆఖరి పేజీ తీసింది. తన సంతకం చోటు ఖాళీగా ఉంది. స్కేలు పెట్టి అడ్డగీత కొట్టింది. పక్కన టైము వేసింది.