లైను తెగితే కబురు

కుప్పంలో పొద్దున్నే సింధూజ కాఫీ గ్లాసు నోటిదాకా ఎత్తిందో లేదో, సెల్‌ఫోన్ మోగింది. ‘లైను తెగింది’ అని మెసేజి. పంపింది మనిషి కాదు, పుంగనూరులో వాళ్ళింటి ముందుగదిలో ఉన్న లినక్స్ సర్వరు కంప్యూటరు.

బజారు అంగళ్ళకు నాన్న రెడ్డెప్ప అమ్మే ఇంటర్నెట్టు దాంట్లోంచే పోతుంది. లెక్చరరు ఉద్యోగం వచ్చి కుప్పం పోతూ, కాపలాకి సింధూజే ఈ ఏర్పాటు చేసింది. సర్వరు నిమిషనిమిషానికీ బయటి ప్రపంచాన్ని ‘ఉన్నావా?’ అని పలకరిస్తుంది. బదులు రాకపోతే కబురు పెడుతుంది. మరి లైనే తెగితే కబురెట్లా పోవాలి? అందుకని పాత సెల్‌ఫోన్ ఒకటి దానికి తగిలించింది. కూతురి తెలివికి రెడ్డెప్ప ఊరంతా చెప్పుకుని మురిశాడు.

ఇప్పుడేమో రోజూ ఇదే గోల! ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ రుక్మిణమ్మ మొదటి రింగుకే ఎత్తింది.

“మా, ఆ నీలం వైరు సరిగ్గా ఉండాదా?”

“సూస్తాలే పాపా. గొంతు యాల అట్లుండాది? జలుబు చేసిందా?”

మాటల్లోనే లైను దానంతటదే వచ్చేసింది. దీని దుంప తెగ, ఎట్లా పోతోంది, ఎట్లా వస్తోంది? సింధూజకు అంతు పట్టలేదు.

మధ్యాహ్నం రెడ్డెప్ప బజారు నుంచి ఫోన్ చేశాడు. “అంగళ్ళోళ్ళంతా నా మీదికి వస్తాండారు. ఉద్యోగం మానుకోని ఇంటికి రామ్మా. నాకు చేతగాదు.”

మానుకోవడమా? ఎన్నాళ్ళు కోరుకున్న ఉద్యోగం! సింధూజ సాయంత్రం కాలేజీలో కూర్చుని, అక్కడినుంచే సర్వరు పంపే కబురును రెండుగా చీల్చింది. బయట లైను పోతే ఒక మాట, ఇంట్లో వైరు ఊడితే ఇంకో మాట. మర్నాడు పొద్దున మెసేజి వచ్చింది: ‘వైరు ఊడింది.’

ఆదివారం చెప్పాపెట్టకుండా మొదటి బస్సెక్కింది. వాకిట్లో అడుగుపెట్టేసరికి రుక్మిణమ్మ సర్వరు వెనక వంగి ఉంది. నీలం వైరు పీకి, ఫోను పక్కన పీట వేసుకుని కూర్చుంది. సింధూజ చేతిలో సెల్ మోగింది.

“అమ్మా!”

రుక్మిణమ్మ ఉలిక్కిపడింది. పెరట్లోంచి వచ్చిన రెడ్డెప్ప అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “నన్ను తిట్టిస్తాండేది నువ్వా? నీ పనికి దాని ఉద్యోగమే పోయేదే!”

“అయ్యో, నాకు తెలీదే!” రుక్మిణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“ఫోన్ చేయొచ్చు కదా మా?”

“నేను చేస్తే ‘పనిలో ఉండాను, మళ్ళీ చేస్తా’ అంటావు. మళ్ళీ చేయవు. ఇది పిలిస్తే మాత్రం ఆ నిమిషమే చేస్తావు.”

సింధూజ అమ్మ పక్కన చతికిలబడి భుజం మీద తల పెట్టుకుంది. రెడ్డెప్ప వైరు తగిలించి, “ఉద్యోగం మానొద్దులేమ్మా” అని గొణిగాడు.

మర్నాడు కుప్పంలో సెల్ మోగలేదు. సింధూజే ఇంటికి ఫోన్ చేసింది.

“పాపా, ఒట్టు, నేను ముట్టుకోలా! ఏం తెగింది?”

“ఏమీ తెగలా మా. ఊరికే చేసినా.”



“అయితే నా కోసరమే చేసినావా?” అని రుక్మిణమ్మ అడిగేసరికి సింధూజ కళ్ళు నిండిపోయాయి.