మైత్రి పేరు మీది నంబరు

పొద్దున్నే ఏడు కాకముందే ఫోను నాలుగోసారి మోగింది.

మైత్రి ముందు గదిలో చాప మీద కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది. నర్సింగు సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, కువైట్ ఆస్పత్రి నుంచి వచ్చిన ఉద్యోగపు ఉత్తర్వు. ఒక్కొక్కటే కవరులో పెడుతోంది, మళ్లీ తీసి చూస్తోంది, మళ్లీ పెడుతోంది. ప్రయాణం పన్నెండు రోజుల్లోకి వచ్చింది. చేయాల్సిన పనులేమో ఒక్కటీ తెమలడం లేదు.

వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ ఆమె తండ్రి నర్సింహ ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"కొండపాక కాడ పదింటికి. ఆ, రోడ్డు మీదనే వంటలు. మీరు బియ్యం తెండ్రి చాలు, గిన్నెలు మేం తెస్తం."

నర్సింహ సిద్దిపేట డిపోలో ఇరవై రెండేళ్లుగా కండక్టరు. రాష్ట్రం కోసం మొదలైన సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయి మూడో వారం నడుస్తోంది. డిపో ముందు టెంటు, టెంటు కింద దీక్ష, దీక్షలో నర్సింహ. ఆ టెంటుకు సంబంధించి ఎవరికి ఏం కావాలన్నా మోగేది ఆ ఫోనే.

ఆ ఫోను మైత్రి కొనిచ్చింది. మూడేళ్ల కింద మొదటి జీతంతో కొని, రీచార్జి చేయించుకోవడం తండ్రికి గుర్తుండదని నెలనెలా ఇంటికి బిల్లు వచ్చే కనెక్షన్ తీసుకుంది. తను ఇస్తున్న బహుమతి కదా అని కాగితాలు కూడా తనవే పెట్టింది. ఎవరి పేరు మీద ఉంటే ఏమిటన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు.

"బాపూ, ఇయ్యాల ఫోన్ దఫ్తరుకు పోదామన్న గదా?" అంది మైత్రి.

"రేపు పోదాం బిడ్డా."

"మూడు రోజుల సంది రేపే అంటున్నవ్."

అతను వినిపించుకోలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మైత్రి పళ్లు బిగబట్టుకుంది. వంటింటి గడపలో నిలబడ్డ మల్లమ్మ కూతురి వంక భయంగా చూసింది. తల్లీకూతుళ్లిద్దరూ నిన్నటి నుంచి ఒక మాట దాచిపెడుతున్నారు.

నిన్న నర్సింహ దీక్షలో ఉండగా ఠాణా నుంచి హెడ్ కానిస్టేబుల్ దేవదాసు వచ్చాడు. కువైట్ వెళ్లేవాళ్లకు పోలీసుల దగ్గర ఏ కేసూ లేదని కాగితం కావాలి. దాని విచారణకే వచ్చాడు. మంచినీళ్లు తాగి, చేతిలో కాగితం చూసుకుంటూ ఒక నంబరు చదివాడు.

"గీ నంబరు నీదేనా అమ్మా?"

"నా పేరు మీద ఉంది సార్. మా బాపు వాడతడు."

"రోడ్డు బంద్ పెట్టిన కేసుల గీ నంబరు ఎక్కింది. ఎవలదని కంపెనీని అడిగితే నీ పేరు వచ్చింది. మాట్లాడింది నువ్వు గాదని నాకెరుకే. కని కాగితం మీద నువ్వే ఉన్నవ్. ఎట్ల రాయాల్నో నువ్వే చెప్పు."

రెండు రోజులాగి వస్తానని వెళ్లిపోయాడు. మల్లమ్మ కూతురి చేయి పట్టుకుంది. "బాపుకు చెప్పకు. అసలే సమ్మెల ఉండి తిండి మీద సోయి లేదు."

ఫోన్ కంపెనీ దఫ్తరుకు మైత్రి ఒక్కతే ఇంతకుముందే వెళ్లొచ్చింది. దేశం దాటాక ఏం చేయాలన్నా కుదరదని, సంతకం తనే ఎదురుగా ఉండి పెట్టాలని అక్కడివాళ్లు చెప్పారు. బంద్ చేయిస్తే ఒక్క పూట పని. పేరు మార్చాలంటే ఇద్దరూ రావాలి. ఆ ఇద్దరిలో ఒకరికి తీరికే లేదు.

మధ్యాహ్నం నర్సింహ అన్నానికి వచ్చాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో ఫోను మోగింది. ఎడమ చేత్తో అందుకోబోతుంటే మైత్రి ముందే దాన్ని తీసి తన వెనక పెట్టుకుంది.

"ఇటియ్యి."

"ముందు నా మాట ఇను. రేపు దీన్ని బంద్ చేయిస్తున్న. కొత్త నంబరు నీ పేరు మీద తీసుకో."

"బంద్ చేస్తె ఎట్ల? నంగునూరు, రాయపోల్, కొండపాక, ఏ ఊరికి పో, గా నంబరు లేని ఇల్లు లేదు. అది నాది గాదిప్పుడు, మందిది."

"మందిదైతే మంది పేరు మీద ఉండాలె. నా పేరు మీద ఎందుకుంది?"

నర్సింహ ముద్ద కలుపుతున్న చేయి ఆగింది. "ఏందా మాట? నీకు ఈ లొల్లితోని సంబంధం లేనట్టు మాట్లాడుతున్నవ్. రాష్ట్రం వస్తె అది నీకు గాదా?"

"నాకు రాష్ట్రం కావాలె, నౌకరి గూడ కావాలె. నిన్న పోలీసులు ఇంటికి వచ్చిన్రు బాపూ. నీ కోసం గాదు, నా కోసం. కేసుల నీ పేరు లేదు, నా పేరుంది. నువ్వు రోడ్డు మీద కూసుంటె నా కాగితం ఆగింది."

మల్లమ్మ చేతిలో చారు గిన్నె అలాగే ఉండిపోయింది. నర్సింహ భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"నాకు చెప్పొద్దనుకున్నరా ఇద్దరు" అన్నాడు మెల్లగా. కంచంలోనే చేయి కడుక్కుని లేచాడు.

మర్నాడు మైత్రి లేచేసరికి తండ్రి లేడు. ఆమె కాగితాల కవరు మీద ఫోను పెట్టి ఉంది.

గెలిచానన్న సంతోషం కలగలేదు. ఆ ఫోను లేకుండా అతను గడప దాటడం ఈ మధ్య ఆమె చూడలేదు. ఎక్కడికి వెళ్లాడని తల్లిని అడిగితే తెలియదంది. ఇంతలో ఫోను మోగింది. తీయకూడదనుకుంది. ఆగి మళ్లీ మోగింది. మూడోసారికి తీసింది.

"నర్సన్నా, నేను నంగునూరు లక్ష్మమ్మను. మా కోడలికి నొప్పులొస్తున్నయే. బండ్లు లేవు, ఏం లేవు. మొన్న ముత్తయ్యను కిడ్నీల మిషిన్ కాడికి తోలించినవ్ గదా, గట్లనే ఒక ఆటో తోలించు అన్నా."

మైత్రికి ఒక్క క్షణం ఏం అర్థం కాలేదు. "నర్సన్న లేడు. నేను ఆయన బిడ్డను."

అవతల ఏడుపు మొదలైంది. "అయ్యో, ఇంకెవలకు చేసేది బిడ్డా?"

ఆ ఏడుపుతో మైత్రి గొంతు దానంతటదే డ్యూటీలో ఉన్నప్పటిలా మారింది. "ఏడ్వకు పెద్దమ్మా, నేను నర్సునే. ఎన్నో కాన్పు? నొప్పి ఎంత సేపటికి ఒకసారి వస్తుంది?"

"తొల్సూరు కాన్పు. పది నిమిషాలకోసారి అంటుంది."

"నీళ్లు పోయినయా? లేదా? అయితె టైముంది. ఎడమ పక్కకు తిప్పి పండవెట్టు. ఆటో తోలిస్త, ఫోన్ చేతులనే పట్టుకో."

ఫోనులో పేర్లు వెతికింది. ఆటో అని మొదలయ్యే పేర్లు పదకొండున్నాయి. మొదటిది అహ్మద్‌ది. నర్సన్న బిడ్డనని చెప్పగానే, "చెప్పు చెల్లె, ఏ ఊరు?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

"తొవ్వల రోడ్డు బంద్ ఉంటది గదా అన్నా?"

"మీ బాపు అందరికి చెప్పి పెట్టిండు. దవాఖాన బండి అంటె జరుగుతరు."

గంటన్నర పాటు మైత్రి ఫోను చెవి నుంచి తీయలేదు. ఇటు లక్ష్మమ్మకు ధైర్యం చెప్పింది, అటు అహ్మద్‌కు దారి చెప్పింది, దవాఖానలో తనతో పనిచేసిన సిస్టరును గేటు దగ్గర నిలబెట్టింది. చివరికి అహ్మద్ ఫోన్ చేసి లోపలికి తీసుకుపోయారని చెప్పాక గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లంతా చెమట.

"అమ్మా, బాపు ఈ పని ఎన్నొద్దుల సంది చేస్తుండు?"

"బస్సులు ఆగినప్పటి సంది" అంది మల్లమ్మ. "బస్సులు ఆపింది మనమే, దాంతోని ఎవల ప్రాణం మీదికి రావద్దంటడు. ఆటోలకు పైసలు సుత నలుగురు జమ చేసుకొని ఇస్తున్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగితివా? ఫోన్ మోగుడుతోనే మొఖం మాడ్సుకుంటివి."

ఆ మాట మైత్రికి గట్టిగా తగిలింది. ఇన్నాళ్లూ ఆ ఫోనులో తను విన్నది టెంట్లు, వంటలు, రోడ్లు. మిగతావి వినాలని ప్రయత్నించనే లేదు.

ఒంటిగంట దాటాక నర్సింహ వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. కూతురికి ఎదురుగా కూర్చున్నాడు.

"ఠాణాకు పోయిన. ఆ నంబరు వాడేది నేను, మాట్లాడింది నేను, నా బిడ్డకు ఎరుక లేదని రాసిచ్చిన. పొద్దటి సంది కూసోవెట్టి ఇప్పుడు తోలిన్రు. కేసుల నా పేరు రాసుకున్నరు. నీ కాగితం ఎల్లుండికి పంపుతమన్నరు."

"నీ నౌకరి ఏం గావాలె బాపూ?"

"అయ్యేది అయితది. నేను చేసిన పనికి నా పేరు ఉండుడు న్యాయమే గదా. నడు, దఫ్తరు మూడింటి దాకనే ఉంటదట. బంద్ చేయిద్దాం."

"బంద్ వద్దు, పేరు మారుద్దాం" అంది మైత్రి. పొద్దున జరిగింది చెప్పింది. అంతా విని అతను ఒక్కటే అడిగాడు, "ఆ కోడలు పిల్ల మంచిగున్నదా?"

సగం దించిన షట్టరు కింద నుంచి వంగి ఇద్దరూ దఫ్తరులోకి వెళ్లారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి రెండు ఫారాలు ఇచ్చింది. ఒక రోజు ఫోను మూగబోతుందని, తర్వాత నంబరు అదే ఉంటుందని, వచ్చే నెల నుంచి బిల్లు నర్సింహ పేరు మీద వస్తుందని చెప్పింది.

మైత్రి సంతకం పెట్టి ఫారం తండ్రి ముందుకు జరిపింది. అతను కలం పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"ఏమైంది బాపూ?"

"ఏం లేదు." కౌంటరు అమ్మాయికి వినపడకుండా గొంతు తగ్గించాడు. "నెలకోసారి ఆ బిల్లు వస్తది గదా. కవరు మీద నీ పేరు, కింద మన ఇల్లు. నువ్వు పోయినంక ఇంటికి నీ పేరు మీద వచ్చేది గదొక్కటే ఉండె. అందుకే రేపు, రేపు అనుకుంట ఎల్లదీసిన. మంది కోసమని నీతోని అన్న గని, సగం గిదే."

మూడు రోజులుగా మైత్రి ఈ మనిషి మీద కోపం పెంచుకుంటూ కవర్లు సర్దుకుంది. ఆయన ఒక కవరు పోగొట్టుకోలేక తిరుగుతున్నాడు.

"సంతకం పెట్టు బాపూ" అంది. "నేను ఉత్తరాలు రాస్త. ఫోన్‌ల చెప్పేటియి గూడ రాస్త. కవరు మీద నీ పేరుంటది, ఎనుక నా పేరుంటది."

నర్సింహ సంతకం పెట్టాడు. మైత్రికి ఏడుపు ఆగలేదు. కొంగు కాదు, చున్నీ కాదు, చేతికి దొరికిన ఫారం జిరాక్సుతోనే ముఖం దాచుకుంది. వెనక వరుసలో నలుగురు చూస్తున్నారు.

నర్సింహ రద్దీ బస్సులో ఆడపిల్లలకు జాగ చేసినట్టు ఒక అడుగు పక్కకు వేసి, వాళ్లకూ కూతురికీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగుండ్రి" అన్నాడు వెనక్కి చూడకుండా. "ఇంకా అయిపోలే."