గిడ్డమ్మను ఒకసారే అడగాలి

ఆ రోజు సెమినార్‌లో రంగనాథ్ నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఈ కథే లేదు.

కర్నూలులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అతను కొత్త లెక్చరర్. వేదిక మీద నిలబడిన దీవెనదీ అదే కాలేజీ, ఊరు బేతంచెర్ల. మనం ఫోనులో పంపే రహస్యాలకు వేసే తాళం ఎంత గట్టిదో లెక్కలతో రుజువు చేయడం ఆమె పరిశోధన.

“ఒక పెట్టె ఉందనుకోండి. పేరు రాండమ్ ఒరాకిల్. ఏ ప్రశ్న వేసినా జవాబిస్తుంది. ఆ జవాబును ముందుగా ఎవరూ ఊహించలేరు. కానీ ఒకసారి చెప్పిన జవాబును ఎప్పటికీ మార్చదు. అలాంటి పెట్టె ఉందనుకుంటే, నా తాళం పగలగొట్టేవాడు ఇంతవరకూ ఎవరికీ లొంగని ఒక లెక్కను కూడా చేసేసినట్టే.”

రంగనాథ్ లేచాడు. “అట్లాంటి పెట్టె లోకంలో యాడుంది మేడమ్?”

“యాడా లేదు. ఉందని అనుకుంటాం, అంతే. నిజం తాళంలో దాని బదులు హాష్ ఫంక్షన్ అనే లెక్కల సూత్రం పెడతాం.”

“మా ఇంట్లో ఉండాది. పత్తికొండలో టమాటా పండిస్తాది. పేరు గిడ్డమ్మ. మా అమ్మే.”

హాలంతా నవ్వింది, దీవెన తప్ప. ఆమె చూసిన చూపుకు రంగనాథ్ లేచినంత వేగంగా కూర్చున్నాడు.

తరువాత క్యాంటీన్‌లో ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాడు.

“ఎగతాళికి అనలేదు దీవెన గారూ. మా అన్న కంబన్న ఒకతూరి మోటార్ సైకిల్ అడిగినాడు. మా అమ్మ వద్దనింది. పెండ్లయి పిల్లలు పుట్టినా ఇంకా సైకిల్ మీదే పోతాండాడు.”

నవ్వు ఆపుకోలేక ఆమె టీ ఒలకబోసుకుంది.

ఆ వానాకాలం తుంగభద్ర ఒడ్డున ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు. గొడుగు చిన్నది. అది ఇద్దరికీ నచ్చింది.

చిక్కంతా పెళ్ళి మాట దగ్గరే వచ్చింది.

“మా నాయన ఒప్పుకున్నాడు,” అంది దీవెన ఒక సాయంత్రం. “కానీ మీ అమ్మ సరే అంటేనేనంట. రేపు కాక ఎల్లుండి, ఆదివారం, కడప నుంచి ఇంకో సంబంధం వాళ్ళు వస్తాండారు. ఎప్పుడు అడుగుతావు?”

“అడుగుతా. మాటలు కుదరాల కదా. ఒక్కతూరి కాదనిందంటే ఇంక జన్మకు కాదే.”

“ఎన్నాళ్ళనుంచో ఇదే చెప్తాండావు. అడగని ప్రశ్నకు ఒరాకిల్ కూడా జవాబియ్యదప్పా.”

ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. మరునాడు పొద్దున్నుంచి ఫోను ఎత్తలేదు.

రంగనాథ్ గదిలో గోడ నుంచి గోడకు తిరిగాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ తప్పే పెట్టుకున్నాడు. చివరికి పత్తికొండ బస్సెక్కాడు.

బస్సులో మనిషి కూర్చున్నాడే గానీ మనసు కూర్చోలేదు. ‘అమ్మా, ఒక పిల్లను చూసినా’ అని మొదలుపెడితే? చూసినావు కదా, చాల్లే అంటుంది. దీవెన వాళ్ళు చర్చికి పోతారని ముందే చెప్పాలా, చివర చెప్పాలా? ప్రశ్నలో ఒక్క అక్షరం మారితే జవాబు మొత్తం మారిపోతుందని క్లాసులో పాఠం చెప్పేది తనే.

“ఏమప్పా, నీలో నువ్వే మాట్లాడుకుంటాండావు,” అన్నాడు పక్క సీటు పెద్దాయన. “పరీక్షనా?”

“అవును పెద్దాయనా. ఒకే ప్రశ్న.”

మార్కెట్‌లో టమాటా క్రేట్ల మధ్య గిడ్డమ్మ కూర్చుని మెత్తబడిన కాయలు ఏరి పారేస్తోంది. ఆమెను చూడగానే అతను కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

“అమ్మా, బేతంచెర్ల దీవెనను పెండ్లి చేసుకుంటా. సరేనా?”

గిడ్డమ్మ తలెత్తలేదు. “ఒకే మాట ఎన్ని తూర్లు అడుగుతార్రా?”

“నేనెప్పుడు అడిగినా?”

“నువ్వు కాకుంటే ఆ పిల్ల. పొద్దున్నే బస్సు దిగొచ్చి అడిగింది. చెప్పేసినా. మళ్ళా చెప్పేదానికి నాకేం పని లేదా?”

పొద్దున్నుంచి దీవెన ఫోను ఎందుకు ఎత్తలేదు?

“ఏం చెప్పినావమ్మా?”

“దాన్నే అడుగు. వస్తాంది.”

క్రేట్ల వరుస వెనక నుంచి దీవెన వచ్చింది. చున్నీ నడుముకు బిగించింది. చేతిలో టీ గ్లాసులు. ముఖం చూస్తే సంతోషమో దుఃఖమో ఏమీ అంతు పట్టడం లేదు. తాళాల మీద చదివి చదివి ముఖానికి కూడా ఒకటి వేసుకున్నట్టుంది.

“ఏమనింది?” అన్నాడు రంగనాథ్.

ఆమె అతన్ని దాటుకుని వెళ్ళి గిడ్డమ్మ ముందు వంగింది.

“చక్కెర ఎక్కువ వేయించినా, అత్తా.”

గిడ్డమ్మ ఒక గుక్క తాగింది. “మీ నాయనకు చెప్పు పాపా. పెండ్లి మీ చర్చిలో అయినా నాకేం లేదు. అన్నం మాత్రం మా ఇంట్లోనే.”

“చెప్పినా. కడప వాళ్ళను రావద్దని ఆయన అప్పుడే ఫోన్ చేసేసినాడు.”

రంగనాథ్ వెనకున్న క్రేటు మీద కూలబడ్డాడు.

“లెయ్‌రా,” అంది గిడ్డమ్మ. “కింద మంచి కాయలుండాయి.”