సంగప్ప మాస్టరు ఎంచుకున్న రేవులు

పొద్దున్నే లింగపూజ ముగించుకొని శివమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. ఆమె పెనిమిటి సంగప్ప మాస్టరు వసారాలో హిందుస్తాన్ పటం పరుచుకొని కూర్చున్నాడు. నారాయణఖేడ్ బడిలో ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలతో రేవుపట్నాల పేర్లు వల్లె వేయించిన మనిషి, సముద్రాన్ని మాత్రం కంటితో చూడలేదు. కొలువు దిగాడు కాబట్టి, వానలు వెనకపట్టగానే శివమ్మతో కలిసి బొంబాయిలో ఓడెక్కి తీరాలని పంతం పట్టాడు.

"మొదలు కళ్ళికోట, ఎన్క గోవా, ఎన్క సూరత్," అని కాగితం మీద రాసింది చదివాడు.

శివమ్మ రొట్టె తిప్పుతూనే అడిగింది. "జహాజెక్కే బొంబాయి ఏడుంది?"

"గిదిగో, నడుమ."

"సూరత్?"

"మీదికి. కళ్ళికోట శానా కిందికి."

"అంటే కిందికి పోయి, మల్ల బొంబాయి దాటి మీదికొస్తవా? కల్హేర్ అంగడికి పోయేటోడు కంగ్టి తిరిగి పోయినట్లుంది."

"పరంగోళ్లు గా వరుసల్నే వచ్చిన్రే. చరిత్ర గట్లనే నడిచింది."

"చరిత్రకు కాళ్లు నొయ్యవు. మనకు నొస్తయి."

కోడలు విజయమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మాస్టరు ఉడుక్కున్నాడు. పంతుళ్లకు ఉన్న రోగమే అది. పుస్తకంలో ఏది ముందొస్తే దారిలోనూ అదే ముందొస్తుందనుకుంటారు.

నాలుగు రోజులకు ఆ కాగితం కనిపించకుండా పోయింది. మాస్టరు ఇల్లంతా తిరగేశాడు, కనబడ్డవాళ్లందరినీ కసిరాడు. చివరికి పప్పుకోసం కందులు తియ్యబోయిన విజయమ్మ చేతికి అది తగిలింది.

"మామా, గిది కందుల కుండల దొరికింది," అని తెచ్చి ఇచ్చింది.

ఆ కుండలో చెయ్యి పెట్టేది అత్తాకోడళ్లిద్దరే. దాచింది శివమ్మేనని వేరే చెప్పక్కర్లేదు. మాస్టరుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఉన్నదొక్క ముచ్చట! దానికి గూడ అడ్డం పడ్తవేందే? రాకుంటే ఇంట్లనే ఉండు. నేనొక్కన్నే పోత!"

శివమ్మ పిండి చేతులతోనే లేచి వచ్చింది. ఆమె అంత గట్టిగా మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"ఒక్కనివే పోతవా? మిద్దె మెట్లెక్కుకుంట రెండుసార్లు ఆగుతున్నవ్. నాకు కండ్లు లెవ్వా? గుండె కమ్జోరైందని డాక్టర్ సాబ్ చెప్పిండంట. కంపౌండర్ ఇంటామె చెప్తే తెలిసింది. నువ్వెందుకు చెప్పలే?"

మాస్టరు చేతిలోని కాగితం మడతలు సరిచేశాడు.

"జహాజ్ మీద ఎవరన్న పోతే నీళ్లల్ల ఇడుస్తరంట గదా," అంటూ ఆమె పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. "నిన్ను గట్ల ఇడిస్తే, నేను ఏ మట్టిని చూసి ఏడ్వాలె? చేన్ల మీ అమ్మానాయిన పక్కన మనిద్దరికి జాగ ఉంది. గాడ నేనొక్కదాన్నే కూసోవాల్నా?"

లింగం కట్టుకున్న వాళ్లిళ్లలో పోయినవాళ్లను కాల్చరు. చేతిలో లింగం పెట్టి మట్టిలో కూర్చోబెడతారు. ఆ సంగతి మాస్టరుకు తెలియక కాదు. జబ్బు బయటపడితే ఎవరూ పోనివ్వరన్న భయంలో, శివమ్మకూ ఒక భయం ఉంటుందని ఆయనకు తట్టనే లేదు.

"తప్పైందే," అన్నాడు తలొంచుకొని. "పోవుడు బంద్ జేస్త."

"బంద్ జెయ్యమని ఎవరన్నరు? నీ పానమంత దాని మీదనే ఉన్నది." శివమ్మ ముక్కు చీది, పటం తెచ్చి పరిచి ఆయన పక్కనే చతికిలబడింది. "బొంబాయి నుంచి దిగుకుంట ఏ రేవులొస్తయో వరుసగ చెప్పు. ఏ ఊర్ల మనోళ్ల మఠముంటది? ఏమన్న అయితే మట్టిల కూసోబెట్టేటోళ్లు ఉండాలె."

"కార్వార్‌ల ఉంటది. గాడంత కన్నడపోళ్లే."

"గది రాయి. రాత్రిళ్లు ఒడ్డు మీద పండుకోవాలె. సూరత్ కొట్టెయ్. కళ్ళికోట శానా దూరం, గది గూడ కొట్టెయ్."

మాస్టరు ముందు సూరత్‌ను, ఆఖరికి కళ్ళికోటను కొట్టేశాడు. కొట్టేశాక నెమ్మదిగా అడిగాడు. "శివా, మరి తొవ్వల నీకేమన్న అయితే?"

ఆ మాట శివమ్మ ఆలోచించనేలేదు. "నాకేం గాదు," అంది. "నిన్నొక్కన్ని ఇడిసిపెట్టి నేనేడికి పోత?"

మాస్టరు కళ్ల నీళ్లు పటం మీద పడ్డాయి. కండువాతో మొహం తుడుచుకొని, పాత పేర్లలో మిగిలిన గోవా చుక్క మీద పెన్సిలు పెట్టాడు.

"గోవల మనోళ్ల మఠం లేదు. ఉంచాల్నా, తియ్యాల్నా?"

ముప్పై అయిదేళ్ల కాపురంలో ఎక్కడికి పోదామని ఆయన ఆమెను అడగడం అదే మొదటిసారి. శివమ్మ పటం మీదికి వంగి, ఆ చుక్కను చాలాసేపు చూసింది.

"ఉండనియ్యి," అంది. "పొద్దుండంగ చూసి పోదాం."