జొన్నరొట్టె రంగు

"గట్ల ముంచితే ఇరగక ఏమైతది?"

గుమ్మం దగ్గరి నుంచి వచ్చిన ఆ మాటకు, ఎర్రగా కాల్చిన ఉలిని ముంచుతున్న సోమాచారి చేతిలోని పట్టుకారు జారి నీళ్ల తొట్టిలో పడింది. నీళ్లు మొహం మీదికి చిమ్మాయి. తుడుచుకుని చూస్తే, నెత్తిన గోనెసంచి మూటతో ఒక పిల్ల నిలబడి ఉంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో పెట్టుకుంది గానీ, కళ్లు మాత్రం ఆపుకోలేదు.

"నువ్వెవరు నాకు చెప్పెటందుకు?"

"వాగవతలి గుర్వయ్య బిడ్డను. సుగుణ అంటరు."

ఆ పేరు వినగానే సోమాచారి గొంతు తగ్గింది. చుట్టుపక్కల ఊళ్లలో గుర్వయ్య కాల్చిన నాగటి కర్రుకు తిరుగులేదు. నిజాం మీద పోరాడే సంఘంవాళ్లకు బల్లేలు చేసిచ్చాడని కిందటేడు రజాకార్లు అతని ఎడమచెయ్యి విరగ్గొట్టారు. ఎముక అతికింది గానీ పిడికిలి ఇంక మూసుకోదు.

సుగుణ మూట విప్పింది. అందులో, ఇనుమును కరిచిపట్టే వైసుకు బిగించే పొడుగాటి మర ఉంది. దాని గాట్లన్నీ అరిగి నున్నబడ్డాయి.

"బాపుకు వైసే ఎడమచెయ్యి. అది ఇనుమును పట్టుకుంటె, కుడిచేత్తోని ఆకురాయి ఆడిస్తడు. ఇప్పుడది పడ్తలేదు. పట్నం పోదామంటె తొవ్వ పొడుగూత మిల్ట్రీ. నువ్వేందో మిషను పెట్టినవంట గద!"

మిషను మాటెత్తితే సోమాచారికి ఆకలి కూడా గుర్తుండదు. హైదరాబాదు కార్ఖానాలో పని నేర్చుకుని వచ్చి, పాత ఇంజను చక్రం, విరిగిన బండి ఇరుసు, చేతికందిన ఇనుప సామానంతా కలిపి ఇనుమును తిప్పుతూ కోసే లేతును, కాలితో తొక్కేదాన్ని, తనే తయారు చేసుకున్నాడు. రజాకార్ల కాలంలో దాన్ని విప్పి జొన్నల పాతరలో దాచాడు. పోలీసు చర్య అయ్యాక బయటికి తీసి, ఆత్మకూరులోని తన ఇంటి వసారాలో మళ్లీ బిగించాడు. ఇప్పటికీ దాని సందుల్లోంచి జొన్నగింజలు రాలుతూనే ఉన్నాయి.

మిషనైతే తిరుగుతోంది. ఇనుమును కొయ్యడానికి ఉలి కావాలి. అది పట్నం నుంచి రాదు. పాత ఆకురాళ్లను సానబట్టి తనే చేసుకుంటున్నాడు, చేసినదల్లా ఇనుము తగలగానే పటుక్కుమంటోంది.

"ఎర్రగ కాల్చి ముంచుతున్న. గట్టిగనే అయితాంది. మరి ఎందుకు ఇరుగుతాంది?"

"గట్టిగైతె సాలదు. జర ఒదుగు గూడ ఉండాలె. ఉలికైనా, మొగోనికైనా."

"మొగోని సంగతి నాకెందుకు?"

"ఇరిగేటోళ్లకే చెప్తరు. జరుగు, నీకు చెప్తె తెల్వదు."

కొంగు నడుముకు చుట్టి కొలిమి ముందు కూర్చుని తిత్తి పట్టింది. నిప్పులు బుసబుసమన్నాయి. కాల్చి ముంచిన ఉలిని రాతిమీద రుద్ది మెరిపించి, మళ్లీ సన్నటి సెగకు పెట్టమంది.

"జొన్నరొట్టె కాలుతుంటె అంచుకు ఒక రంగొస్తది సూడు. గా రంగు రాంగనే ముంచాలె. ఇనుము దిక్కు సూడు, నా దిక్కు కాదు!"

సోమాచారి ఇనుము వైపే చూశాడు. కానీ నిప్పు వెలుగు ఆమె చెంప మీద కూడా అదే రంగు పూస్తుంటే అతనేం చేస్తాడు పాపం!

అప్పుడే పక్కింటి బిక్షమ్మ పొయ్యిలోకి నిప్పు అడగడానికి పిడక పట్టుకుని వచ్చింది. వచ్చి బుగ్గన వేలేసుకుంది.

"ఏందిరో సోమా, లగ్గానికి పిల్వనే లేదు!"

సుగుణ నిప్పు తొక్కినట్టు లేచింది. కమ్మరి ఇళ్లలో అదొక పట్టింపు. పెళ్లికాని పిల్ల పుట్టింటి తిత్తి తప్ప ఇంకో ఇంటి తిత్తి ముట్టదు. కొత్తకోడలు అత్తింట్లో ముందు ముట్టేది తిత్తినే. పంతంలో పడి ఆ సంగతి మరిచేపోయింది.

"నేనంటె మర్శిపోయిన. నీకు యాదికి లేదా?"

"ఉన్నది."

"మరి ఎందుకు ఆపలే? నల్గుర్ల నవ్వులపాలు చేసెటందుకా?"

సుగుణ జవాబు కోసం ఆగకుండా, మరను అక్కడే వదిలేసి కళ్లనీళ్లతో విసవిసా వెళ్లిపోయింది.

"మంచి పిల్లరా," అంది బిక్షమ్మ నిప్పు ఎత్తుకుంటూ. "ఎన్ని సంబంధాలొచ్చినా వద్దంటాంది. తను పోతె బాపుకు తిత్తి ఎవరు పట్టాలె అని ఒకటే ఫికరు."

రంగు రాగానే ముంచిన ఆ ఉలి విరగలేదు. లేతు మీద కొత్త మర గాటుగాటుగా తేలింది. కానీ సోమాచారి అంతటితో ఊరుకోలేదు. ఇంకో పని మొదలుపెట్టాడు, అదీ ముగిశాకే రెండు మూటలతో బయలుదేరాడు.

ముసురు పట్టింది. వాగు దగ్గర మిలిటరీవాళ్లు ఆపి, గోనెలోని పొడుగాటి ఇనుమును తుపాకి గొట్టమనుకున్నారు. దానికి రంధ్రమే లేదని చూపించి బయటపడేసరికి నిలువెల్లా తడిసిపోయాడు.

"మామా, మర తెచ్చిన," అన్నాడు గుర్వయ్య కొలిమి ముందు నిలబడి, వణుకుతూ. పెద్దయ్యా అనవలసింది, నోరు జారింది. గుర్వయ్య ఒకసారి ఎగాదిగా చూసి, మరను వైసుకు ఎక్కించాడు. ఇనుప ముక్కను పెట్టి తిప్పాడు. వైసు కరిచి పట్టింది.

"గాట్లు జూస్తె ఉలికి పదును మంచిగ కుదిరింది. రంగు ఎవరు జూసిన్రు?"

"మీ బిడ్డ చెప్పింది."

"తిత్తి ఎవరు వట్టిన్రు?"

లోపల రొట్టె చరుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"సుగుణనే. మర్శిపోయి పట్టింది, ఆమె తప్పు లేదు. నాకు యాదికుండె. ఆపబుద్ధి కాలే. ఆమె అట్లనే కూసుంటె బాగుండనిపించింది," అన్నాడు సోమాచారి, లోపలికి వినపడేటట్టే.

గుర్వయ్య నిట్టూర్చాడు. "నాకు పిల్లనియ్యబుద్ధే బిడ్డా. కానీ ఒంటిచేతోన్ని. తిత్తి ఊదుదునా, ఇనుము తిప్పుదునా?"

సోమాచారి రెండో మూట విప్పాడు. ఒక తొక్కుడు చెక్క, చిన్న చక్రం, తోలు పట్టా. లేతుకు చేసినట్టే చేసి తెచ్చాడు. వాటిని తిత్తికి బిగించి పక్కకు జరిగాడు. గుర్వయ్య కాలు వేసి తొక్కాడు. కొలిమి భగ్గుమంది. మళ్లీ తొక్కాడు. ఆ ముసలాయన చిన్నపిల్లాడిలా నవ్వుతూ తొక్కుతూనే ఉన్నాడు, కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

సుగుణ ద్వారంలోకి వచ్చింది.

"బాపు తిత్తికి మనిషి అక్కర లేకుంట చేసినవ్. నీ కొలిమికి గూడ గిట్లనే చేసుకున్నవా?"

"చేసుకోలే."

"ఎందుకు?"

"అప్పుడంటె మర్శిపోయి పట్టినవ్. ఇప్పుడు యాదికుంచుకోని పడ్తవేమోనని."

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లింది. అంతలోనే వేడి రొట్టె పళ్లెంలో పెట్టుకుని వచ్చి చేతికిచ్చింది.

అతను రొట్టె అంచును చూపించాడు. "రంగు గిదే గద?"

"గిదే. గీ రంగు రాంగనే తియ్యాలె. ఇంకా నాన్చితె మెత్తవడ్తది."

తొక్కడం ఆపకుండానే గుర్వయ్య అన్నాడు, "అయితె నాన్చుడెందుకు? లగ్గం కార్తీకంలనే పెడ్దాం."

సుగుణ కొంగు నోట్లో పెట్టుకుంది. కళ్లు మాత్రం ఈసారి కూడా ఆపుకోలేదు.