సింకులో పుక్కిలింత

సెంటు పిల్ల పైకి ఎవరితోనూ అనని మాట ఒకటుంది. వ్యానే ఇల్లనుకుని బయల్దేరిన నాలుగు రోజులకే ఆ బతుకంటే ఆమెకి రోత పుట్టింది. ఊళ్ళో ఉన్న అక్కకి మాత్రం సూర్యోదయాలూ, పొగలు కక్కే టీ కప్పులూ ఫోటోలు తీసి పంపేది.

ఆ మాట కడుపులో దాచుకునే, ఒక రాత్రి మూతపడ్డ పెంకుల ఫ్యాక్టరీ వెనక బండి ఆపింది.

ఆ చోటు మంచిది కాదని బండ్లలో బతికేవాళ్ళందరూ చెప్పుకుంటారు. అక్కడ పడుకుంటే చెవి పక్కనే ఎవరో నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తారట... వెనకే కుళ్ళిన కంపట. ఒకాయన చెప్పులు కూడా వేసుకోకుండా బండి తోలుకుపోయాడట.

తెలిసి తెలిసి ఎందుకెళ్ళిందీ అంటే — దెయ్యం కంటే మనుషులే ఎక్కువ రోతనిపించారు గనక.

అప్పటిదాకా ఏటి ఒడ్డున బండ్ల గుంపులో ఉండేది. సాయంత్రమైతే చాలు, అక్కడ అందరూ బండ్ల కిందనుంచి మురికినీళ్ళు బకెట్లలోకి పట్టుకుని, దూరంగా ఉన్న గోతి దగ్గరికి కలిసి మోసుకెళ్ళేవాళ్ళు. పెళ్ళికి వెళ్తున్నట్టు కబుర్లూ, వేళాకోళాలూ! బకెట్లు తొణికి కాళ్ళ మీద పడుతున్నా పట్టదు.

"రావే సెంటు పిల్లా, నీ బకెట్టేదీ?" అనేది బస్సు పెద్దమ్మ. పాత బస్సునే ఇల్లు చేసుకున్న మనిషి. అస్తమానం సెంటు కొట్టుకుంటుందని ఈ పిల్లకి ఆ పేరు పెట్టింది ఆవిడే.

"నా బండిలో మురికుండదు పెద్దమ్మా."

"ఉండదూ? అయితే నీ పళ్ళేలు ఎవరు నాకి పెడుతున్నారే?"

గుంపంతా పగలబడి నవ్వింది. పిల్ల ముఖం మాడిపోయింది. ఆ రాత్రే బండి తీసింది. పెద్దమ్మ అడ్డమొచ్చి, ఫోను లాక్కుని తన నంబరు కొట్టిచ్చింది.

"ఒక్కదానివి. ఏ వేళైనా సరే, ఫోన్ చెయ్యి."

బకెట్టు మోసిన చెయ్యి! మలుపు తిరగ్గానే ఫోను ముమ్మారు తుడుచుకుంది.

ఫ్యాక్టరీ వెనక నేల ఒక పక్కకి వాలుగా ఉంది. పడుకుంటే సింకు సరిగ్గా తల పైన...

కన్ను మూతపడుతుండగా —

గుళ... గుళగుళ...

కంపు వచ్చింది. ముందు పలచగా, తర్వాత గొంతులో వేలు పెట్టినట్టు. చీకట్లో తడుముకుని సెంటు కొట్టింది. కంపూ సెంటూ కలిసి ఇంకా వికారమైంది.

"ఎవరూ..." అంది గుసగుసగా.

గ్లక్ — అంది తల పైన.

చెంప మీద చల్లగా ఒక చుక్క పడింది. ఇంకొకటి. తర్వాత మెత్తగా, సన్నగా, జిడ్డుగా ఏదో మెడ వైపు జారింది...

కెవ్వున లేచి, రెండు వేళ్ళతో దాన్ని పీకి టార్చి వేసింది.

పురుగు కాదు. నూడుల్సు పోగు. ఎప్పుడో తనే తిని, గిన్నె కడిగి వదిలేసింది!

సింకు నిండి పొర్లుతోంది. తన జుట్టు, తన టీ పొడి, తను పుక్కిలించి ఉమ్మిన నురగ.

టార్చి పట్టుకుని బండి కిందకి దూరింది. సింకు గొట్టం నేల మీదకి కాదు, నల్లటి ట్యాంకులోకి దిగి ఉంది. బండి కొన్నప్పటినుంచి సింకులో పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు. నిండిన ట్యాంకు ఈ వాలులో వెనక్కి ఎగదన్నుతోంది. ఇక్కడినుంచి పారిపోయినవాళ్ళూ తనలాంటి కొత్తవాళ్ళేనేమో. రోజూ ట్యాంకు ఖాళీ చేసేవాళ్ళకి ఏ దెయ్యం పుక్కిలిస్తుంది?

ట్యాంకు కుళాయి తిప్పింది. బిగుసుకుపోయింది, కదల్లేదు. పైన మళ్ళీ — గ్లక్.

"ఛీ... నా కంపే," అంది పైకి.

ఇలాగే తెల్లారితే అక్క దగ్గరికే పోవాలి. వ్యాను అమ్ముకోవాలి. లేదంటే...

పెద్దమ్మ నవ్వుతుంది. గుంపునంతా లేపి మరీ నవ్విస్తుంది. నవ్వనీ. వచ్చేటప్పుడు బకెట్టు కూడా తెస్తుంది.

జిడ్డు చేతులతోనే ఫోను తీసింది. ఈసారి తుడవలేదు.