కుర్చీలో డబ్బా, నేల మీద అల్లుడు

టైలరు గారు కాఫీ గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. కళ్ళు పైకప్పు వైపు తిరిగాయి. పది రోజులుగా ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి అదే గుర్తు.

"మొదలైంది," అన్నారు.

"ఏం మొదలైంది?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఇంకేం మొదలవుతుంది? అల్లుడుగారి డబ్బా! కాఫీ గ్లాసులో అలలు లేస్తున్నాయి. ఇంకాస్త ఉంటే పడవ వేసుకుని తిరగొచ్చు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గ్లాసులోకి తొంగి చూసింది. "మీ చెయ్యి వణికితే గ్లాసు ఊగదూ?" అని లోపలికి వెళ్ళిపోయింది.

అల్లుడు కాస్తా "అల్లుడుగారు" అయ్యాడంటే ఆయనకి కోపం ముక్కు మీదికి వచ్చిందని అర్థం. ఎవరినైనా తిట్టాలనుకుంటే ఆయన ముందు గౌరవం పెంచుతారు.

కింద భాగంలో ఆయన, భార్య. పైన కూతురు, అల్లుడు. కూతురు చిట్టి మందుల షాపులో పనిచేస్తుంది. అల్లుడి పని ఏమిటో ఎవరికైనా చెప్పాలంటే ఆయనకి నాలుగు వాక్యాలు పట్టేది. సొంతిళ్ళలో సినిమా హాలు పెట్టించుకునే సరదా ఉన్నవాళ్ళకి స్పీకర్లు బిగిస్తాడు. ముఖ్యంగా సబ్ వూఫర్. సినిమాలో ఉరుము ఉరిమితే గుండెలో కూడా ఉరమాలంటే ఆ నల్ల డబ్బా ఉండాలట. వచ్చినవాళ్ళకి వినిపించడానికి పైన ఒక గదిని అలాగే తయారుచేసుకున్నాడు. ఆ గది విని వెళ్ళినవాళ్ళే పని ఇస్తారు. ఆ గది మూతపడితే అతని పనీ మూతపడినట్టే.

టైలరు గారి కోపం నిజానికి మోత మీద కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, అల్లుడి మీద కోపం డబ్బా మీద చూపిస్తున్నారంతే. అసలు సంగతి ఆయన కడుపులోనే ఉంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి పది రోజులు దాన్ని దాచుకున్నారంటే ఎంత కష్టపడి ఉంటారో ఊహించుకోవచ్చు.

పది రోజుల క్రితం, సరిచేసిన కోటు ఇవ్వడానికి ఒక లాయరు గారింటికి వెళ్ళారు. దుకాణం మూసేసి మూడేళ్ళైనా పాత ఖాతాదారులు ఆయన్ని వదల్లేదు. హాలు తలుపు తీసే ఉంది. లోపల పెద్ద మెత్తటి కుర్చీలో, ఇంటికొచ్చిన చుట్టంలా, ఒక నల్ల డబ్బా కూర్చుని ఉంది. దాని ముందు, గోడ వారగా, మోకాళ్ళ మీదా అరచేతుల మీదా ఒక మనిషి పాకుతున్నాడు. తల వంచి, చెవి నేలకి జానెడు ఎత్తులో పెట్టి, కాస్త పాకి ఆగి, మళ్ళీ కాస్త పాకి. అతని వెనకాలే ఆ ఇంటి కుక్క కూడా నడుస్తోంది. లాయరు గారి పిల్లలు సోఫా మీద పడి పడి నవ్వుతున్నారు. ఆ మనిషి తన అల్లుడు.

టైలరు గారు కోటు గేటు దగ్గర మనిషికి ఇచ్చేసి, చప్పుడు చెయ్యకుండా తిరిగొచ్చేశారు. ఆ సాయంత్రమే, భార్య వింటుండగా, పాత ఖాతాదారుల్లో ఒక గోడౌను యజమానికి ఫోన్ చేశారు. "మా అల్లుడికి ఏదైనా కుర్చీలో కూర్చునే ఉద్యోగం ఉంటే చూడండి," అన్నారు. ఆ పెద్దమనిషి సూపర్‌వైజరు పని ఖాళీగా ఉందనీ, వచ్చే శుక్రవారంలోగా ఏ మాటో చెప్పమనీ అన్నాడు.

ఇక మిగిలింది అల్లుణ్ణి ఒప్పించడం. చూసింది చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. డబ్బా మోత భరించలేకపోతున్నానంటే పిల్లవాడే మానుకుంటాడనుకున్నారు.

మానుకోలేదు సరికదా, మరమ్మతు మొదలుపెట్టాడు. మొదటి ఫిర్యాదు నిజమే మరి. కుట్టు మిషను పక్కన గుండుసూదుల పళ్ళెం గలగలలాడింది. అల్లుడు పరుగెత్తుకొచ్చి పళ్ళెం మీద చెయ్యి పెట్టి చూశాడు. "నిజమే మామయ్యా, తప్పు నాదే. మూలలో పెట్టాను. మూలలో పెడితే మోత రెట్టింపవుతుంది," అని డబ్బాని మూలలోంచి ఇవతలికి జరిపాడు. సూదులు నోరు మూసుకున్నాయి.

మర్నాడు టైలరు గారు కుర్చీ అదురుతోందన్నారు. అల్లుడు డబ్బా కింద మందపాటి రబ్బరు బిళ్ళలు పెట్టి, వాటి మీద చెక్క వేశాడు. "గాలిలో వచ్చేదాన్ని పూర్తిగా ఆపలేను మామయ్యా. నేలలోంచి దిగేదాన్ని మాత్రం ఇక్కడే పట్టేస్తాను," అన్నాడు. ఆ మర్నాడు అద్దాల బీరువా గొణుగుతోందన్నారు. అతను అద్దాల అంచుల్లో గుడ్డ ముక్కలు దోపి, పై గదిలో చెక్క మీద బరువైన రాతి పలక వేసి, దాని మీద డబ్బాని కూర్చోబెట్టాడు. వాల్యూమ్ కూడా తగ్గించాడు.

ఇక ఏమీ వినిపించడం లేదు. ఇల్లు గుడ్లు పొదిగే కోడిలా ప్రశాంతంగా ఉంది. టైలరు గారికి మాత్రం అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. అల్లుడు ఒక్కో మోత ఆపుతుంటే ఆయన దగ్గర ఒక్కో సాకు తగ్గిపోతోంది. గ్లాసులో అలలే ఆఖరిది. ఇవాళ చూస్తే శుక్రవారం.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి గొంతు పెంచారు. "నేను చెప్పేది ఎవరికీ పట్టదా? పొద్దున్నే గుండెల మీద గుద్దుతున్నట్టుంది!"

చిట్టి అప్పుడే పనికి బయలుదేరుతూ మెట్లు దిగింది. భుజాన సంచి ఉంది. తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎప్పటి నుంచి నాన్నా?"

"ఇందాకటి నుంచీ. అదిగో, ఇప్పుడు కూడా."

"ఇప్పుడు కూడానా? బాగా గట్టిగా వస్తోందా?"

"గట్టిగా ఏమిటే, పళ్ళు కదులుతున్నాయి!"

సరిగ్గా అప్పుడు పైనుంచి అల్లుడి గొంతు వినిపించింది. "చిట్టీ, సబ్ వూఫర్ కరెంటు తీగ చూశావా? పొద్దున్నుంచీ వెతుకుతున్నాను, కనిపించట్లేదు."

చిట్టి సంచి జిప్పు తీసి, అందులోంచి మూరెడు నల్ల తీగ బయటికి లాగి, బల్ల మీద కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

టైలరు గారు పైకప్పు వైపు చూశారు, తీగ వైపు చూశారు. వంటింటి గుమ్మంలో భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే గానీ ఏడవడానికి కాదు.

"రాత్రే తీసి దాచాను నాన్నా," అంది చిట్టి. ఆమె గొంతులో నవ్వు లేదు. "ఆయన పది రోజులుగా నీ కోసం రబ్బరు కోస్తున్నాడు, రాళ్ళు మోస్తున్నాడు. రాని మోతకి కూడా నీకు పళ్ళు కదిలాయి. డబ్బా కాదు నీకు పడనిది. ఆయనంటేనే పడదు. మా మొహం మీదే ఆ ముక్క చెప్పేస్తే వేరే ఇల్లు చూసుకుంటాం."

కిందపడ్డా పైచేయి నాదే అనే అలవాటు టైలరు గారిది. కానీ "వేరే ఇల్లు" అన్న మాట వినగానే ఆ పైచేయి కాస్తా జారిపోయింది. అల్లుడు మెట్ల మీద ఆగి వింటున్నాడని కూడా ఆయన చూసుకోలేదు.

"పడకపోవడమేమిటే! బంగారం లాంటి పిల్లాడు. అందుకే చూడలేకపోయాను. లాయరు గారింట్లో... నాలుగు కాళ్ళ మీద పాకుతున్నాడు. వెనక కుక్క. పిల్లలు నవ్వుతున్నారు. డబ్బాకేమో కుర్చీ, మా అల్లుడికేమో నేల. నా గుండె తరుక్కుపోయింది."

అల్లుడు నెమ్మదిగా దిగి వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది.

"నాకు సిగ్గనిపించలేదు మామయ్యా. అది పని. సన్నటి శబ్దమైతే సూటిగా చెవికి వచ్చేస్తుంది. ఈ బరువు శబ్దం గదంతా తిరిగి, గోడలకి తగిలి వెనక్కొస్తుంది. ఒకచోట పోగుపడుతుంది, ఇంకోచోట ఉండనే ఉండదు. ఏ గది తీరు ఆ గదిదే. అందుకని మనిషి కూర్చునే కుర్చీలో డబ్బాని పెట్టి, డబ్బా ఉండే ఎత్తులో నా చెవి పెట్టి వెతుకుతాను. నిండుగా, ఎగుడుదిగుడు లేకుండా ఎక్కడ వినిపిస్తే అక్కడే దానికి చోటు. నిలబడి వింటే తెలియదు." అతను బల్ల మీది తీగ వైపు చూశాడు. "కానీ నా వల్ల మీరు తల దించుకోవాల్సి వస్తే, ఆ పని నాకొద్దు. గోడౌను ఉద్యోగం గురించి అత్తయ్య చెప్పింది. వస్తానని చెప్పండి."

టైలరు గారు కోరుకున్నది ఇదే. పది రోజుల నాటకం ఇందుకే. తీరా చేతికొచ్చాక అది ఉప్పు లేని కూరలా ఉంది. పిల్లవాడి మొహంలో వెలుగు పోయింది. చిట్టి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది.

"నువ్వు వంగకూడదనే బాబూ," అన్నారు ఆయన. "ఆ సిగ్గు నాకు తెలుసు. మా పెళ్ళైన కొత్తలో మా మామగారు దుకాణానికి వచ్చారు. నేను ఒక కుర్రకుంక కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాను. నోటి నిండా గుండుసూదులు, చేతిలో వాడి ప్యాంటు అంచు. నేను తలెత్తేసరికి ఆయన గుమ్మంలోంచి చూసి, పలకరించకుండానే వెనుదిరిగి వెళ్ళిపోతున్నారు. ముప్పై ఆరేళ్ళైంది. ఆ వీపు నాకింకా కనిపిస్తుంది. నాకు కూతురు పుడితే, దాని మొగుడు ఎవరి ముందూ మోకాళ్ళ మీద ఉండకూడదని ఆ రోజే అనుకున్నాను."

భార్య వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"మా నాన్న ఎందుకు పలకరించలేదో ఎప్పుడైనా అడిగారా?"

"అడిగేదేముంది?"

"మీ నోటి నిండా సూదులున్నాయనండీ! పలకరిస్తే మీరు గబుక్కున నోరు తెరుస్తారనీ, సూది మింగేస్తారనీ హడలిపోయాడు మనిషి. అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి వచ్చేశాడు."

చిట్టి ఏడుపులోనే ఫక్కున నవ్వింది. టైలరు గారు నవ్వలేదు.

"ఇంటికొచ్చి నాతో ఏమన్నాడో తెలుసా?" భార్య గొంతు మెత్తబడింది. "'నీ మొగుడు ఆ కుర్రాడి కాళ్ళు చూడట్లేదే అమ్మాయ్, అంచే చూస్తున్నాడు. నేనొచ్చిందీ తెలియలేదు, వెళ్ళిందీ తెలియలేదు. పని మీద అంత ధ్యాస ఉన్నవాడి ఇంట్లో నీకే లోటూ ఉండదు, ఇక నేను నిశ్చింతగా నిద్రపోతాను' అన్నాడు."

"ఇన్నేళ్ళూ ఈ మాట చెప్పలేదేం?"

"మీరు మా నాన్నతో ముభావంగా ఉంటే అది మీ స్వభావం అనుకున్నాను. ఇందుకని నాకేం తెలుసు? ఒక్కసారి నోరు విప్పితేగా! ఇప్పుడూ అంతే. పది రోజులు డబ్బాని తిట్టారు గానీ, పిల్లాణ్ణి ఒక్క మాట అడిగారా?"

టైలరు గారి కళ్ళు నిండాయి. ముప్పై ఆరేళ్ళు ఆయన ఒక మంచి మనిషిని తప్పుగా అనుకుంటూ బతికారు. తన మామగారు పోయిన రోజున కూడా మనసులో ఆ ముల్లు అలాగే ఉంది. క్షమించమనడానికి ఇప్పుడు ఆయన లేరు. ఉన్నది ఎదురుగా కూర్చున్న ఈ పిల్లవాడు. లాయరు గారింట్లో ఇతను మాత్రం ఏం చూశాడు? పిల్లల్ని చూడలేదు, కుక్కని చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ మామగారినీ చూడలేదు. ఆ గదిని వింటున్నాడు, అంతే.

టైలరు గారు లేచి బల్ల మీద తీగ తీసి అల్లుడి చేతికిచ్చారు. "పద పైకి. రాతి పలక వేశాక దాని చోటు సరిగ్గా కుదిరిందా లేదా మళ్ళీ చూసుకున్నావా?"

"లేదు మామయ్యా. మీ నిద్ర చెడుతుందని గట్టిగా పెట్టి వినలేదు."

"మరి పద. ఎలా పాకాలో చూపించు."

"మీకు మోకాళ్ళ నొప్పులు..."

"నలభై ఏళ్ళు దుకాణంలో అరగదీసిన మోకాళ్ళివి. నేల వీటికి కొత్తేమీ కాదు."

పై గదిలో సోఫా మీద డబ్బాని ఎక్కించారు. బరువు శబ్దంతో మోగే తీగ వాయిద్యం ఒక్కటే, స్వరం ఎక్కీ దిగీ, మళ్ళీ మళ్ళీ వచ్చేలా అల్లుడు పెట్టాడు. ముందు అల్లుడు, వెనక మామగారు, గోడ వెంట పాకారు. కిటికీ కింద ఆయనకి ఒకటే గుబగుబ. రెండు మూరలు జరిగేసరికి అదేమైందో మాయమైంది. ఇంకాస్త పాకగానే మళ్ళీ వచ్చింది. ఈసారి గుద్దినట్టు లేదు, ఒంటికి సరిపోయిన కోటులా ఉంది. ఎక్కడా పట్టెయ్యలేదు, ఎక్కడా వదులు లేదు.

"ఇక్కడ," అన్నారు.

"అది నేను దాటొచ్చిన చోటు మామయ్యా. నాకైతే ఇదిగో, ఇక్కడ బాగుందనిపించింది."

"నువ్వు జానెడు ముందుకెళ్ళిపోయావు అబ్బాయ్. వెనక్కి రా."

అల్లుడు వెనక్కి పాకి ఆయన పక్కనే తల పెట్టాడు. కొలత యంత్రం తెచ్చి పెట్టి చూశాడు. తర్వాత మామగారి వైపు చూసి, సుద్దముక్కతో అక్కడ గీత గీశాడు. గుమ్మంలో చిట్టి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఇవాళ పనికి ఆలస్యమవుతుందని ఆమెకి గుర్తున్నట్టు లేదు.

భార్య ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "గోడౌను ఆయన. జవాబు కోసం చేశాడు." చూస్తే మొగుడు నేల మీద ఉన్నాడు. ఫోన్ ఆయన చెవి దాకా వంగి అందించింది.

"నమస్కారమండీ," అన్నారు టైలరు గారు, లేవకుండానే. "మీ దయ మరిచిపోను. కానీ మా అల్లుడు రాడండీ. చేతినిండా పనుంది... నేనా? నేనూ పనిలోనే ఉన్నానండీ. మా అల్లుడి దగ్గర నేర్చుకుంటున్నాను."

ఫోన్ తిరిగిచ్చేసి, అవతలి గోడ వైపు పాకడం మొదలుపెట్టారు.